విడువని పశ్చాత్తాపం ప్రాయశ్చిత్తం కాదు: సలకరాజు తిరుమలుని పతనం

పాపం చేసినవాడు లోలోపల కుమిలిపోతే చాలును, ఆ కుమిలిపాటే అతనిని శుద్ధి చేస్తుంది అనే మాట ఈ కాలంలో విస్తారంగా వినవస్తున్నది. చలనచిత్రాలు ఆ మాటనే చెబుతున్నవి. వ్యాసపీఠం మీద కూర్చున్న ప్రవచనకారులలో సైతం కొందరు ఆ మాటనే చెబుతున్నారు. పదవి కోసం అయినవారి ప్రాణాలు తీసి, ఆ తరువాత నిద్రకు దూరమై అలమటించే కథానాయకుని చూసి ప్రేక్షకుడు కంటతడి పెడతాడు. "పాపం, ఎంత నలిగిపోయాడో!" అంటాడు. నలిగిపోవడంతో లెక్క తీరిపోయిందని తృప్తిపడి ఇంటికి వెళతాడు. ఈ భావన శాస్త్రసమ్మతం కాదు, లోకహితమూ కాదు. దీనిని ఖండించక తప్పదు.

కళాశాలలో ఆంగ్లం చదివినవారికి షేక్‌స్పియర్ రచించిన మాక్బెత్ నాటకం పరిచితమే. తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజును చంపి సింహాసనమెక్కినవాడు, చంపించిన మిత్రుని ప్రేతాన్ని విందులో చూసి వణికినవాడు ఆ నాటకంలోని నాయకుడు. దానిని విషాదాంత నాయకత్వానికి పరాకాష్ఠ అని పాఠం చెబుతారు. ఆ నాటకం పుట్టడానికి సుమారు ఆరు దశాబ్దాలకు పూర్వమే అటువంటి కథ తెలుగు నేల మీద నిజంగా జరిగింది. ఆ కథలోని యుద్ధాలు కర్నూలు సీమలోని బేతంచర్లలో, ఆదవానిలో జరిగాయి. బేతంచర్ల బండలను ఇంటినిండా పరచుకున్నవారికి కూడా ఆ సంగతి తెలియదు. ఆ కథానాయకుని పేరు సలకరాజు చిన తిరుమలరాజు.

శ్రీకృష్ణదేవరాయలు 1529లో పరమపదించిన తరువాత ఆయన సోదరుడు అచ్యుతదేవరాయలు విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించాడు. అచ్యుతుని పట్టమహిషి వరదాంబిక. తిరుమలాంబ అనే విదుషీమణి రచించిన వరదాంబికా పరిణయ చంపువు ఈమె వివాహగాథయే. ఆమె సోదరుడే ఈ తిరుమలుడు. 1542లో అచ్యుతుడు మరణించగా బాలుడైన కుమారుడు వెంకటరాయలు రాజయ్యాడు. రాజ్యభారం మేనమామ చేతిలోకి వచ్చింది. మేనమామ అంటే తెలుగు ఇండ్లలో తండ్రి తరువాత తండ్రి. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనేవాడు. ఆ ఒడిలోనే ఆ బిడ్డకు మృత్యువు కాచుకొని ఉన్నది.

అన్న మనసు వరదాంబికకు ముందే తెలిసింది. బిడ్డను కాపాడుకొనడానికి ఆమె బీజాపూరు సుల్తాను ఇబ్రహీం ఆదిల్ షా సాయం కోరిందని, ఆ సుల్తానును సలకరాజు ధనంతో వెనుకకు మరలించాడని చరిత్రకారులు చెబుతారు. తోడబుట్టినవానికి భయపడి ఒక తల్లి శత్రురాజును ఆశ్రయించవలసి వచ్చిందంటే ఆ అంతఃపురం ఎటువంటి స్థితికి చేరిందో ఊహించుకొనవచ్చును. కొద్ది మాసాలలోనే బాలరాజు హతుడయ్యాడు. రాజవంశంలో సింహాసనానికి హక్కుదారులు కాగలవారందరినీ తిరుమలుడు తుదముట్టించాడు. గుత్తి దుర్గంలో బందీగా ఉన్న సదాశివుడు మాత్రమే మిగిలాడు. ఆ సదాశివుని పక్షం వహించి కృష్ణరాయల అల్లుడు, ఆరవీటి రామరాజు సోదరులతో కూడి కదిలాడు. కర్నూలు సీమలో వరుసగా పోరాటాలు జరిగాయి. 1543 నాటికి సలకరాజు లేడు, సదాశివరాయలు రాజు.

తిరుమలుని మరణం గురించి రెండు కథనాలు ఉన్నవి. తుంగభద్రా తీరంలో రామరాజు చేతిలో యుద్ధంలో మరణించాడని ఒకటి. బీజాపూరు ఆస్థానంలో చరిత్ర వ్రాసిన ఫెరిష్తా చెప్పినది మరొకటి. శత్రువులు సమీపిస్తూ ఉండగా తిరుమలుడు ప్రాసాదంలో తలుపులు బిగించుకొన్నాడట. రాజశాలలలోని ఏనుగులకు, గుర్రాలకు కన్నులు పొడిపించి తోకలు కోయించాడట. తరతరాలుగా కూడిన వజ్రవైడూర్యాలను, ముత్యాలను తిరగళ్ళలో వేసి పిండి చేయించి నేల మీద చల్లించాడట. చివరకు ఒక స్తంభానికి కత్తి బిగించి, దాని మీదికి రొమ్ముతో దూకి ప్రాణం విడిచాడట. ఫెరిష్తా పరాయి ఆస్థానపు రచయిత. అతని మాటలో అతిశయోక్తి ఉండవచ్చును. అయినను దురాశ తుదకు ఏ రూపం దాలుస్తుందో చూపడానికి ఇంతకన్న స్పష్టమైన చిత్రం దొరకదు.

భగవద్గీత ద్వితీయాధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ పతనానికి మెట్లు లెక్కపెట్టి చూపించాడు. విషయచింతన వలన సంగం, సంగం వలన కామం, కామం వలన క్రోధం, క్రోధం వలన సమ్మోహం, దాని వలన స్మృతిభ్రంశం, ఆపైన బుద్ధినాశం, చివర సర్వనాశం. సలకరాజు ఆ మెట్లలో ఒక్కటి కూడా దాటవేయలేదు. సింహాసనం పక్కన నిలిచి నిలిచి దానినే ధ్యానించాడు, అది సంగం. తనదే కావాలన్నాడు, అది కామం. అడ్డువచ్చినవారిని చంపాడు, అది క్రోధం. ఎవరిని చంపుతున్నాడో మరచాడు. మేనల్లుడు అన్న ఎరుక పోవడమే స్మృతిభ్రంశం. మూగజీవాల కన్నులు పొడిపించాడు, అది బుద్ధినాశం. ఇక మిగిలినది కత్తి బిగించిన స్తంభమే.

గుర్రాలు అతనికి ఏమి అపకారం చేశాయి? అవి శత్రువులకు దక్కరాదనుకొంటే చంపించవచ్చును. కన్నులే ఎందుకు పొడిపించాలి? చేసిన పాపం లోపల రగులుతున్నవానికి ఏ చూపూ సహ్యం కాదు. ప్రతి చూపులోనూ సాక్షి కనిపిస్తాడు. పశువు కంటిలోనూ ఆ బిడ్డ కన్నులే కనిపిస్తాయి. సర్వభూతాంతరాత్మగా ఉన్న సాక్షిచైతన్యాన్ని శాస్త్రం చదివినవాడు వెతుక్కొంటూ వెళతాడు. పాపి దాని నుండి పారిపోతాడు. పారిపోవడానికి చోటు లేక ఎదుటివారి కన్నులు తీస్తాడు. ఇది పశ్చాత్తాపమే అనుకొందాం. దీని వలన ఎవరికి మేలు జరిగింది? ఏనుగులకా, గుర్రాలకా, కన్నబిడ్డను పోగొట్టుకొన్న వరదాంబికకా?

ఇక్కడ కొందరు మనుస్మృతిని అడ్డం పెట్టుకొంటారు. పాపం చేసి సంతాపం చెందినవాడు ఆ పాపం నుండి విముక్తుడవుతాడని పదకొండవ అధ్యాయంలో ఉన్నది కదా అంటారు. ఉన్నది. అయితే వారు సగం శ్లోకమే చదివారు. మళ్ళీ ఇటువంటిది చేయను అన్న నివృత్తి చేతనే అతడు పవిత్రుడవుతాడని మిగిలిన సగం చెబుతున్నది. అదే ప్రకరణం పాపవిమోచనానికి చేసిన పాపాన్ని బయటికి చెప్పుకొనడం, అనుతాపం, తపస్సు, అధ్యయనం, ఆపత్కాలంలో దానం అని సాధనాలను వరుసగా చెప్పింది. అనుతాపం వాటిలో ఒక్కటి మాత్రమే. ఇంకొక మాట కూడా ఉన్నది. పరుల ఇంటి నుండి సొత్తు తెచ్చినవాడు దానిని తిరిగి అప్పగించి, ఆ తరువాత కృచ్ఛ్రవ్రతం ఆచరించాలి. ముందు అప్పగింత, తరువాత వ్రతం. ఈ క్రమం తలక్రిందులైతే వ్రతం నిష్ఫలం.

ఈ కొలతతో చూస్తే సలకరాజు చేసినది ఏమిటి? రాజ్యాన్ని అప్పగించలేదు. సదాశివుని చెర విడిపించలేదు. సభలో తన నేరం చెప్పుకొనలేదు. చివరకు రత్నాలను కూడా విడువలేదు, పిండి చేశాడు. విడుచుట వేరు, నాకు దక్కనిది ఎవరికీ దక్కరాదని నాశనం చేయుట వేరు. మొదటిది త్యాగం, రెండవది లోభం యొక్క ఆఖరి ఊపిరి. ప్రాణం తీసుకొనడం కూడా ఆ కోవలోనిదే. "రాజ్యం నాది" అన్నవాడే "పాపం నాది, దండన కూడా నేనే విధించుకొంటాను" అన్నాడు. అహంకారం సింహాసనం దిగలేదు. గది మారింది, అంతే. పాపఫలాన్ని గుప్పిట బిగించి పట్టుకొన్నంతకాలం పశ్చాత్తాపం కూడా అహంకారానికే మరో పేరు.

దీనికి ప్రతిగా కడప సీమలో పెన్నా తీరానికి వెళ్ళవలసి ఉన్నది. ప్రొద్దుటూరు పూర్వనామం బ్రధ్నపురి అంటారు. అక్కడి రామేశ్వరంలో ముక్తిరామలింగేశ్వరుడు కొలువై ఉన్నాడు. రావణవధ వలన కలిగిన బ్రహ్మహత్యాదోష నివారణ కోసం శ్రీరామచంద్రుడు ఆ లింగాన్ని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. రావణుడు దుష్టుడు, వధ్యుడు. ఆ వధ ధర్మకార్యం. అయినను రాముడు తప్పించుకొనడానికి ఒక్క వాదం కూడా చేయలేదు. దోషాన్ని దోషమన్నాడు, బహిరంగంగా ఒప్పుకొన్నాడు, ఇసుక మీద మోకరిల్లాడు. లంకారాజ్యాన్ని అంతకు ముందే విభీషణునికి అప్పగించాడు. ఆ అప్పగింత తరువాతనే లింగప్రతిష్ఠ. శాస్త్రక్రమం అంటే ఇది.

భరతుడు మరొక ప్రమాణం. తల్లి కోరిన వరం వలన అయోధ్యారాజ్యం అతని కాళ్ళ దగ్గరకు వచ్చి పడింది. పాపం అతనిది కాదు. అయినా ఆ పాపపు ఫలాన్ని ముట్టలేదు. పాదుకలను సింహాసనం మీద పెట్టి నందిగ్రామంలో కూర్చున్నాడు. భాసుని ఊరుభంగంలో తొడలు విరిగి పడిన దుర్యోధనుని చూసి సహృదయుడు కరిగిపోతాడు. ఎందుకు? బాధపడినందుకు కాదు. తన కుమారుని పాండవులను సేవించమని చెప్పి, అశ్వత్థామను పగ చాలించమని కోరినందుకు. పట్టు విడిచిన ఆ క్షణమే అతనిని నాయకుని చేసింది.

రాజ్యకాంక్షయే పాపమైతే హరిహర బుక్కరాయలు, కృష్ణరాయలు పాపులేనా అని ఒక ఆక్షేపణ వస్తుంది. కాదు. ధర్మానికి విరుద్ధం కాని కామం తన స్వరూపమేనని భగవానుడే సెలవిచ్చాడు. క్షత్రియుని విజిగీష శాస్త్రసమ్మతం. కట్ట ఉన్నంతవరకు చెరువు నీరు పంటకు ప్రాణం. కట్ట తెగితే అదే నీరు ఊరికి మృత్యువు. నేటి విజయోపన్యాసకులు గీతను చేతబట్టి "కోరుకో, సాధించు" అంటున్నారు. కట్ట ఊసే ఎత్తరు. సలకరాజును జయించిన రామరాజు కూడా ఆ కట్టను నిలుపుకొనలేదు. సదాశివుని పేరుకు రాజుగా ఉంచి రెండు దశాబ్దాలు అధికారమంతా తానే చెలాయించాడు. 1565 జనవరిలో రక్కసి తంగడి రణభూమిలో అతని శిరస్సు తెగింది, మహానగరం శిథిలమైంది. ముందువాని అంతం కళ్ళారా చూసినవాడే ఆ దారి విడువలేకపోయాడు.

ఇదంతా అయిదువందల ఏండ్లనాటి రాజుల ముచ్చట అని భక్తులు పక్కన పెట్టడానికి వీలు లేదు. రాయలసీమలో కక్షలతో కాలిపోయిన పల్లెలు ఉన్నవి. తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డలు ఉన్నారు. చంపించినవాడు వృద్ధాప్యంలో నిద్రపట్టక గుడి కట్టిస్తాడు, ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు వేయిస్తాడు. తమ్ముని భాగంలోని పొలాన్ని తన పేరున వ్రాయించుకొన్న అన్న శ్రీశైలం వెళ్ళి రుద్రాభిషేకం చేయిస్తాడు. అహోబిలం మెట్లు ఎక్కి హుండీలో కట్టలు వేస్తాడు. గట్టు మాత్రం జరపడు. చనిపోయినవాని భార్య ఇంటి గడప మాత్రం తొక్కడు. హుండీ దేవునిది, ఆ పొలం తమ్మునిది. తమ్మునికి చెల్లవలసినది దేవునికి చెల్లిస్తే ఆ బాకీ తీరుతుందా?

ఈ దోషంలో అర్చకులకూ, పురోహితులకూ భాగం ఉన్నది. సంకల్పంలో గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు. "ఎవరిది తీసుకొన్నావు, తిరిగి ఇచ్చావా?" అని అడగరు. దక్షిణ తగ్గుతుందని భయం, పెద్దమనిషికి కోపం వస్తుందని భయం. ఆ ప్రశ్న అడగని పురోహితుడు యజమానికి ప్రాయశ్చిత్తం చేయించడం లేదు, అతని నిద్రకు మందు వేస్తున్నాడు. ఆ మందు ప్రభావం తగ్గిన రాత్రి యజమాని మళ్ళీ లేచి కూర్చుంటాడు. అప్పుడు కనిపించేవి ఆ గుర్రాల కన్నులే.

జిజ్ఞాసువులకు చెప్పవలసినది స్వల్పం. కుమిలిపోతున్నవాని కన్నీటిని చూసి అతనిని మహాత్ముని చేయవద్దు, తిట్టనూ వద్దు. చేతిలో ఏమి పట్టుకొని ఉన్నాడో చూడాలి. పట్టుకొన్నది విడిస్తే, విడిచి హక్కుదారునికి అప్పగిస్తే, ఆ పైన ఒక్క బిల్వదళం చాలును, ఒక్క తులసీదళం చాలును. విడువకపోతే లక్షబిల్వార్చన కూడా తిరగలిలో నూరిన ముత్యాలతో సమానం. అభిషేకానికి బయలుదేరే ముందు తమ్ముని ఇంటికి ఒకసారి వెళ్ళి రావాలి. రామేశ్వరం తీరంలో లింగాన్ని నిలిపిన స్వామి ఆచరించి చూపిన క్రమం అదే.

శుభం భూయాత్.