లుంగీలో తొక్కితే సైక్లిస్టు కాదా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. వెడల్పు 4.5 మీటర్లు, పైన సోలార్ కప్పు. ఇలాంటి ట్రాక్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది ఒంటికి అతుక్కునే జెర్సీ, ప్యాడ్ కుట్టిన షార్ట్స్, హెల్మెట్. అదే తెల్లవారుజామున నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మన్, సైట్‌కి పోయే కూలీ లారీల పక్కన, రోడ్డు అంచున సైకిల్ తొక్కుతుంటారు. ఒంటి మీద లుంగీయో పాత ప్యాంటో, కాళ్లకు హవాయి చెప్పులు, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా. మొదటివారిని సైక్లిస్టులు అంటున్నాం. రెండోవారికి ఆ పేరు ఇవ్వడం లేదు.

లెక్క చూస్తే మాట తిరగబడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో సుమారు 13 శాతం మంది పనికి సైకిల్ మీదే వెళ్లేవారు. అంటే దేశంలో రెండున్నర కోట్లకు పైనే. వాళ్లలో ఎక్కువమంది తొక్కింది రోజూ కట్టుకునే బట్టలతోనే.

ప్రత్యేక దుస్తులు పనికిరావని మేము అనడం లేదు. గంటల తరబడి వంగి, వేగంగా తొక్కేవారికి ఒరుసుకుపోకుండా ప్యాడ్ కాపాడుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు నిటారుగా కూర్చుని పోయేవారికి దాని అవసరం లేదు. మన నల్ల సైకిల్ తయారైందే మామూలు బట్టల కోసం. ప్యాంటు ఇరుక్కోకుండా చైన్ కవర్, చీర చుట్టుకోకుండా లేడీస్ సైకిల్ వెనక చక్రానికి జాలీ, బురద పడకుండా మడ్‌గార్డు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది మంది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. కూలి తల్లులు, క్వారీ కార్మికులు చీరలతోనే తొక్కారు.

దళితులకు ఇది ఫ్యాషన్ చర్చ కాదు. ఊళ్లోకి రాగానే సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలి, చెప్పులు చేత్తో పట్టుకోవాలి, కొత్త బట్ట కడితే పొగరన్నారు. ఇదంతా పాత కథే అయితే చట్టంలోకి ఎక్కేది కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బహిరంగ స్థలంలో దళితులు, ఆదివాసీలు సైకిల్ లేదా మోటార్ సైకిల్ ఎక్కకుండా, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోకుండా ఇతరులు అడ్డుకుంటే నేరం. 6 నెలల నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. సైకిల్, చెప్పులు, బట్టలు ఒకే నిబంధనలో పక్కపక్కనే ఉన్నాయంటే, అవి మూడూ కలిసి ఒక మనిషి హోదాను నిర్ణయించాయని చట్టమే ఒప్పుకున్నట్టు.

నగరంలో సైకిల్ దిగమని ఎవరూ అనక్కర్లేదు. బస్తీ నుంచి పనిచోటుకు దారి వేయకపోతే చాలు. ప్రమాదం కార్ల వేగం నుంచి వస్తుంటే, హెల్మెట్ లేదని తొక్కేవాడిని తప్పుపట్టడమూ అలాంటిదే. మోటార్ వాహనాల చట్టం హెల్మెట్ తప్పనిసరి చేసింది మోటార్ సైకిళ్ల మీద వెళ్లేవారికే, సైకిళ్లకు కాదు.

2025 సెప్టెంబర్‌లో సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. ఇక అడగాల్సింది దారి గురించి. మీ నగరంలో సైకిల్ ట్రాక్ ప్రతిపాదన వస్తే విద్యార్థులు, కార్యకర్తలు సమాచార హక్కు కింద ఆ ఫైలు తీసుకోండి. ఎవరిని లెక్కపెట్టి గీశారు? కూలీల అడ్డా, మార్కెట్, ప్రభుత్వ బడి, ఆసుపత్రి ఆ గీత మీద ఉన్నాయా? పనిచోట సైకిల్ పెట్టుకునే చోటుందా? రాత్రి డ్యూటీ దిగేవారికి దీపాలున్నాయా? వాచ్‌మన్‌ను, కూలీని సైక్లిస్టుల లెక్కలో రాయించడంతో ఈ పని మొదలుపెడదాం.