వేవిళ్ళ వేళ గ్లూకోజు సీసాకు ముందు అడగవలసిన మాట

పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో నెల తప్పిన కోడలికి వాంతులు పట్టుకున్నాయంటే, మూడో రోజుకో నాలుగో రోజుకో కిటికీ ఊచకు ఒక గ్లూకోజు సీసా వేలాడుతుంది. నీరసంగా ఉంది, ఒక సీసా ఎక్కించండి అని ఇంటివారే అడుగుతారు. వచ్చిన ఆర్‌ఎంపీ సంచిలోంచి సీసా తీసి, ఎక్కించి, డబ్బు పుచ్చుకొని వెళతాడు. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినంత కాలం ఈ దృశ్యాన్ని చూశాను, పదవీ విరమణ చేసిన తరువాత కూడా చూస్తున్నాను. దీని మీద నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. తెల్లబియ్యపు అన్నమే ప్రధానాహారమైన ఈ డెల్టాలో, వారాల తరబడి తిన్నది ఇమడని గర్భిణికి బి1 విటమిను ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కించడం ప్రమాదకరమైన పని. ఎందుకో చెప్పేముందు అసలు వేవిళ్ళ సంగతి కొంత చెప్పుకోవాలి.

పదిమంది గర్భిణులలో ఏడెనిమిది మందికి వేవిళ్ళు వస్తాయి. చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తే ఆరో వారం ప్రాంతంలో మొదలవుతాయి, తొమ్మిదో వారం దగ్గర ముదురుతాయి, పన్నెండు నుంచి పద్నాలుగు వారాల మధ్య చాలామందిలో సద్దుమణుగుతాయి. కొందరిలో ఇరవయ్యో వారం దాకా సాగుతాయి. పొద్దున్నే వచ్చి పోతాయన్నది పుస్తకాలలోని మాట. చాలామందిని రోజంతా, రాత్రి కూడా వేధిస్తాయి.

వీటికి కారణం మనసులో ఉన్నదని, మెట్టినింట ఇమడలేని పిల్లలకే ఎక్కువ వస్తాయని నా చదువుకునే రోజులలో కొందరు పెద్ద వైద్యులు కూడా అనేవారు. ఆ మాటకు ఇప్పుడు ఆధారం లేదు. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం, గర్భం దాల్చినప్పుడు పిండం, మాయల నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. అంతకుముందు నుంచి ఆ హార్మోను తక్కువగా ఉన్న స్త్రీ శరీరానికి దాని అలవాటు ఉండదు కనుక వికారం ఎక్కువవుతుంది. ఆ పరిశోధకులలో ఒకరైన మార్లీనా ఫెజో స్వయంగా తీవ్రమైన వేవిళ్ళతో 1999లో గర్భాన్ని కోల్పోయిన మనిషి. తన బాధను అతిశయోక్తిగా కొట్టిపారేసిన వైద్యుడి మాట ఆమెను ఈ వెతుకులాటలోకి దింపింది. కనుక అత్తగారూ, మీకు వేవిళ్ళు రాలేదు కాబట్టి మీ కోడలిది నాజూకుతనమని అనకండి. మీ రక్తం వేరు, ఆమె రక్తం వేరు.

ఇక తిండి. ఈ నెలలలో ఏది ఇముడుతుందో అదే మంచి ఆహారం. పోషకాల పట్టిక పట్టుకుని బలవంతంగా కుక్కడం వద్దు. కడుపు ఖాళీగా ఉన్నా వికారమే, నిండినా వికారమే. అందుకని రెండు గంటలకొకసారి గుప్పెడు చొప్పున తినాలి. మంచం దిగకముందే నాలుగు మరమరాలో, పేలాలో, రస్కు ముక్కో నోట వేసుకుని, పావుగంట ఆగి లేవడం చాలామందికి ఉపకరిస్తుంది. వేడివేడి కూర కంటే చల్లారిన అన్నంలో మజ్జిగ ఇముడుతుంది, ఎందుకంటే వాసన తక్కువ. పోపు వాసన, ఉడుకుతున్న అన్నం వాసన, ఎండుచేపల వాసన గిట్టని పిల్లను ఆ మూడు నెలలు పొయ్యి దగ్గరికి పంపకపోవడమే ఆ ఇంటివారు చేయగల పెద్ద వైద్యం. భర్తగారు వంట చేస్తే ఆయన పరువు గోదావరిలో కలిసిపోదు. అల్లం కొంత మేలు చేస్తుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. నీళ్ళు భోజనంతో కాక మధ్యమధ్య గుక్కెడు గుక్కెడు తాగాలి. కొబ్బరిబొండాలకు మన ఊరు పెట్టింది పేరే కాని, బొండం నీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. వాంతులవుతున్న మనిషికి దానితోపాటు ఉప్పు వేసిన గంజి గాని, ఓఆర్‌ఎస్ గాని ఉండాలి.

మందులంటే భయపడేవారు చాలామంది. ఆ భయం ఊరకనే పుట్టలేదు. 1957లో పశ్చిమ జర్మనీలో విడుదలైన థాలిడోమైడ్‌ను గర్భిణుల వాంతులకు కూడా వాడారు. చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడని బిడ్డలు వేలల్లో పుట్టిన తరువాత 1961లో దాన్ని ఉపసంహరించారు. అయితే ఇవాళ వైద్యులు మొదట ఇచ్చే డాక్సిలమిన్, బి6 విటమిను కలిసిన మాత్ర చరిత్ర వేరు. దావాల ఒత్తిడితో 1983లో దాని తయారీదారు అమెరికాలో అమ్మకం ఆపాడు, లోపాలకు అది కారణమని ఆధారం దొరకలేదు, 2013లో అక్కడి ప్రభుత్వ సంస్థ మళ్ళీ అనుమతించింది. డాక్టరు వ్రాసి ఇస్తే భయపడకుండా వేసుకోండి. నిద్ర వస్తుంది, అంతే. పాత చీటీ చూపి దుకాణంలో కొనుక్కోవడం మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గ్లూకోజును మన కణాలు వాడుకోవాలంటే బి1 విటమిను, అంటే థయమిన్, తప్పనిసరి. శరీరంలో దాని నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే, రెండు మూడు వారాలలో ఖర్చయిపోతుంది. ధాన్యంలో అది ఎక్కువగా తవుడులో ఉంటుంది. తెల్లగా మెరిసే బియ్యం కోసం తవుడంతా తీసేసి, ఆ బియ్యాన్ని నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి తినే ఇళ్ళలో ఆ నిల్వ మొదటి నుంచే బొటాబొటిగా ఉంటుంది. దాని మీద రెండు మూడు వారాల వాంతులు. ఆ స్థితిలో రక్తంలోకి నేరుగా గ్లూకోజు పోస్తే, మిగిలిన ఆ కాస్త బి1 కూడా దాన్ని వాడుకోవడానికే ఖర్చయిపోయి మెదడులో కొన్ని భాగాలు దెబ్బతింటాయి. కళ్ళు నిలకడ తప్పి ఊగుతాయి, ఒక వస్తువు రెండుగా కనబడుతుంది, నడక తూలుతుంది, మాటలో పొంతన పోతుంది. 1881లో కార్ల్ వెర్నికే వర్ణించిన ఈ జబ్బును తాగుబోతుల జబ్బుగానే మాకు ఎక్కువగా బోధించారు. అందుకే చుక్క ముట్టని ఇల్లాలిలో అది కనబడినప్పుడు పోల్చుకోలేకపోతాం.

ఈ ప్రాంతానికి బి1 లోపం కొత్తది కాదు. జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు 1835లోనే బెరిబెరి జబ్బు మీద ఒక గ్రంథం ప్రచురించాడు. మన ఉత్తర సర్కారులు ఆ జబ్బుకు పేరుమోసిన ప్రాంతం. దాని మూలం తెలియడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. 1890లలో జావాలో పనిచేస్తున్న డచ్చి వైద్యుడు ఐక్‌మన్, తెల్లబియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, తవుడుతో కూడిన బియ్యం పెడితే కోలుకోవడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. డచ్చివారు 17వ శతాబ్దంలో మన పాలకొల్లులో కోఠీ పెట్టి వర్తకం చేసినవారే. మన తవుడు విలువ జావా కోళ్ళ ద్వారా తెలియవలసి వచ్చిందన్నమాట.

ఉద్యోగంలో ఉండగా నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయిని మరచిపోలేను. లంక గ్రామం నుంచి పడవలో, తరువాత ఆటోలో తెచ్చారు. ఇరవై రెండేళ్ళు, మూడో నెల, దాదాపు మూడు వారాలుగా వాంతులు. ఇంటి దగ్గర నాలుగు రోజులలో నాలుగు గ్లూకోజు సీసాలు ఎక్కాయి. నాలుగో సీసా తరువాత ఆమె భర్తను గుర్తుపట్టలేదు. గోడ పట్టుకున్నా నిలబడలేకపోయింది. “ఏదో గాలి సోకిందండి, రేవు దగ్గర భయపడింది” అన్నది అత్తగారు. కనురెప్పలు ఎత్తి చూశాను, కనుగుడ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. థయమిన్ ఇంజక్షను మొదలుపెట్టిన మరునాటికి చూపు నిలకడపడింది. మూడో రోజున భర్తను పేరు పెట్టి కాకుండా, మన ఆడపిల్లల పద్ధతిలో, “ఏమండీ” అని పిలిచింది. నడక మాత్రం కుదుటపడడానికి నెలలు పట్టింది. ఆ ఆర్‌ఎంపీని తిట్టిపోయడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా అలాగే, బి1 ఊసు లేకుండా, గ్లూకోజు ఎక్కించినవాడినే. నా అదృష్టం కొద్దీ, వారి అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. అయినా అది వైద్యం అనిపించుకోదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి గర్భిణికి సీసా తగిలించబోతుంటే, మొహమాటపడకుండా అడగండి: “బి1 ఇంజక్షను ఇచ్చారా అండీ?” సాధారణంగా 100 మిల్లీగ్రాములు, గ్లూకోజు కంటే ముందు ఇవ్వాలి. ఖరీదు బహు స్వల్పం. సీసాలో పసుపుపచ్చని మందు కలిపారు కదా అని ధీమా పడకండి. ఆ పసుపు రంగు బి2 విటమినుది, అందులో బి1 ఎంత ఉందో అడిగి తెలుసుకోవాలి. అసలు వాంతులతో ఎండిపోయిన శరీరానికి మొదట కావలసినది ఉప్పునీటి సీసా, అవసరమైతే పొటాషియం. అది ఆసుపత్రిలో రక్తపరీక్ష చూసుకుంటూ చేయవలసిన పని కాని, కిటికీ ఊచకు వేలాడదీసి చేయవలసినది కాదు. విపరీతమైన వాంతులకు కవలలు, ముత్యాల గర్భం, థైరాయిడు వంటి కారణాలు కూడా ఉండవచ్చు కనుక స్కానింగు కూడా అవసరం. తినగలిగే రోజులలో పెసలు, వేరుశనగ, నువ్వులు, ఒంటిపట్టు బియ్యమో ఉప్పుడు బియ్యమో తింటే నిల్వ నిలుస్తుంది. నువ్వులు వేడి, కడుపు పోతుంది అంటారేమో. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి దంచి తినిపించేది మనమే కదా. వంటకంలో తినే నువ్వులతో గర్భం పోదు.

కోరికల గురించి ఒక మాట. చూలాలి కోరిక తీర్చాలన్నది మన సాహిత్యమంత పాతది. ఉత్తరకాండలో సీత మునుల ఆశ్రమాలు చూడాలని కోరుతుంది. కాళిదాసు రఘువంశంలో సుదక్షిణాదేవి మట్టి తింటుంది. మామిడికాయ, చింతకాయ, రేగొడియాలు అడిగితే ఇవ్వండి, హద్దులో ఉంటే ఏ నష్టమూ లేదు. కాని మట్టి, బలపాలు, పచ్చిబియ్యం, సున్నం తినాలనిపిస్తే దాన్ని ముచ్చటగా తీసుకోవద్దు. చాలాసార్లు అది రక్తహీనతకు సూచన. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు గర్భిణులలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉందేమో చూపించుకోండి. మట్టితో ఏలికపాముల గుడ్లు కూడా కడుపులోకి వెళతాయి. ఐరన్ మాత్రలు వికారాన్ని పెంచుతాయి కాబట్టి ప్రభుత్వ కార్యక్రమంలో వాటిని నాలుగో నెల నుంచి ఇస్తారు. మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆమ్లం చాలు. రక్తం బాగా తక్కువగా ఉన్నవారి సంగతి డాక్టరు నిర్ణయిస్తారు.

బరువు గురించి దిగులు రెండు రకాలు: పెరగలేదని కొందరికి, పెరిగిపోయానని కొందరికి. మొదటి మూడు నెలలలో అర కిలో నుంచి రెండు కిలోలు పెరగడం మామూలే, కిలో తగ్గినా బెంగ అక్కరలేదు. మొత్తం మీద సగటు బరువున్న మన స్త్రీకి పది పన్నెండు కిలోల పెరుగుదల చాలు. ఇద్దరి కోసం తినాలన్న మాట లెక్కకు నిలవదు. నాలుగో నెల నుంచి అదనంగా కావలసినది రోజుకు 350 కేలరీలు, అంటే రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు. వేవిళ్ళు తగ్గగానే పోయిన బరువంతా తిరిగి తెప్పించాలని పుట్టింటి చలిమిడి, మెట్టినింటి పూతరేకులు పోటీపడితే చక్కెర జబ్బుకు దారి వేసినట్టే. కడుపు చలవకని తెచ్చిన చలిమిడి రుచి చూడండి, పళ్ళెం పూర్తి చేయకండి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే చక్కెర పరీక్ష మొదటి సందర్శనలోనే జరగాలి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి జరగాలి. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష చెల్లదు, మరునాడు మళ్ళీ చేయించుకోవాలి.

ఒక రోజంతా గుక్కెడు నీళ్ళు కూడా ఇమడకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, ముదురు రంగులో వచ్చినా, జ్వరం, కడుపునొప్పి, రక్తం కనబడినా, చూపు లేదా నడక తేడాగా ఉన్నా ఇంటి దగ్గర ఆగవద్దు, 108కి ఫోను చేయండి. గర్భానికి ముందున్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా ఆసుపత్రికి వెళ్ళవలసినదే. యాభై కిలోల మనిషికి అది రెండున్నర కిలోలు. అయితే ముందు బరువు ఎంతో తెలియకపోతే ఈ లెక్క కుదరదు. అందుకని నెల తప్పిన వారంలోనే ఏఎన్‌ఎం దగ్గర కాటా ఎక్కి, ఆ అంకెను తల్లీబిడ్డల కార్డు మీద వ్రాయించండి.