లిలువాకు దంతవైద్యుడు ఎందుకు దూరం?

హౌరా స్టేషన్ నుంచి మెయిన్ లైన్‌లో బయల్దేరే లోకల్ రైలు మొదట ఆగేది లిలువాలో. 1900లో హౌరా నుంచి ఇక్కడికి తరలించిన రైల్వే క్యారేజ్, వ్యాగన్ వర్క్‌షాపే ఈ ఊరికి గుర్తింపు తెచ్చింది. చుట్టూ ఫౌండ్రీలు, లేత్ పనుల షెడ్లు, చిన్న చిన్న కార్ఖానాలు. ఇక్కడి నుంచి హుగ్లీ నది దాటితే సియాల్దా దగ్గర దేశంలోనే మొట్టమొదటి దంతవైద్య కళాశాల ఉంది. 2025 ఆగస్టు నుంచి హౌరా, సియాల్దాల మధ్య నది కింద నుంచే మెట్రో నడుస్తోంది. మ్యాపు మీద చూస్తే లిలువా వాసికి దంతవైద్యం కూతవేటు దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది.

కానీ పన్ను నొప్పితో బాధపడే మనిషికి దూరాన్ని కొలిచేది మ్యాపు కాదు, పోయిన కూలి. లిలువాలో ఒకే వీధిలో ఉండే ముగ్గురిని ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒకరు వర్క్‌షాపులో ఉద్యోగి. ఆయనకు, కుటుంబానికి రైల్వే వైద్య సేవలు ఉన్నాయి. రెండోవారు ఓ మోస్తరు కర్మాగారంలో పనిచేస్తారు. నెల జీతం 21,000 రూపాయలు దాటదు కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది. మూడోవారు ఆరేడుగురు పనిచేసే ఫౌండ్రీ షెడ్డులో రోజు కూలీ. పదిమంది కూడా లేని చోట ఈఎస్ఐ సాధారణంగా అందదు. ఆయుష్మాన్ భారత్, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ స్వాస్థ్య సాథీ వంటి బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చు భరించడానికి పుట్టినవి. పన్ను పుచ్చితే ఎవరూ ఆసుపత్రిలో చేరరు. కుర్చీలో అరగంట కూర్చుని ఇంటికి వెళ్తారు. మూడో మనిషికి మిగిలే దారి పెద్దాసుపత్రి క్యూ. రూట్ కెనాల్ అయితే ఒకసారితో తేలదు, రెండు మూడుసార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది. అందుకే ఆయన మొదట మందుల షాపుకు వెళ్తాడు, చివరికి పన్ను పీకించుకుంటాడు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. అమెరికాలోని అయోవాలో దంతవైద్యం చదివి వచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాల స్థాపించారు. డబ్బు కోసం ఆయన నగరంలో ‘న్యూయార్క్ సోడా ఫౌంటెన్’ అనే దుకాణం నడిపారు. జనానికి చల్లని తీపి పానీయాలు అమ్మగా వచ్చిన రాబడితో దంతవైద్యుల్ని తయారుచేశారన్నమాట! 1949లో ఆ కళాశాలను ప్రభుత్వానికి అప్పగించారు. ఇప్పుడది ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆ రోజుల్లో నగరంలో చదువుకున్న దంతవైద్యులు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. చైనాలోని హూబే ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు వంశపారంపర్యంగా పళ్లు కట్టేవారు. 1948 నాటి దంతవైద్యుల చట్టం కూడా, డిగ్రీ లేకపోయినా అప్పటికే ఈ వృత్తితో బతుకుతున్నవారి పేర్లు నమోదు చేయడానికి రిజిస్టరులో ఒక భాగం కేటాయించింది. అప్పుడున్నది నిజమైన కొరత.

ఇప్పుడు అలాంటి కొరత లేదు. దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి. వాటిలో అధికభాగం ప్రైవేటువి. నమోదైన దంతవైద్యుల సంఖ్య మూడు లక్షలు దాటింది. నగరాల్లో బీడీఎస్ పూర్తిచేసిన యువతీయువకులు మరొకరి క్లినిక్‌లో అతి తక్కువ జీతానికి పనిచేస్తుండగా, కొద్ది కిలోమీటర్ల అవతల పుచ్చిన పళ్లు నింపేవారు దొరకడం లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత దంతవైద్యానికి అక్షరాలా సరిపోతుంది. కొత్త కళాశాలలు తెరవడం వల్ల ఈ శని వదలదు. ప్రభుత్వ ధనం వెళ్లాల్సింది తయారీకి కాదు, పంపిణీకి.

పంపిణీ మీద ఎందుకు ఖర్చు పెట్టాలో పన్ను పుచ్చే తీరే చెబుతుంది. నోటిలోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. దంతాల పాచిలో పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం, ఫ్లోరైడ్ వాటిని తిరిగి చేరుస్తాయి. ఈ కరగడం, చేరడం రోజూ జరిగే వ్యవహారమే. కరగడానిదే పైచేయి అయినప్పుడు మొదట తెల్లమచ్చ కనిపిస్తుంది. ఈ దశలో ఫ్లోరైడ్ పేస్టుతోనే వెనక్కి మళ్లించవచ్చు. గుంత పడితే ఫిల్లింగ్ కావాలి. గుంత లోపలి మజ్జకు చేరితే రూట్ కెనాల్, దానిపై తొడుగు. అది చేయించుకోలేకపోతే పన్ను తీసేయడమే. మెట్టు మెట్టుకీ ఖర్చు పెరుగుతుంది, చేయాల్సిన మనిషి నైపుణ్యం పెరుగుతుంది, రోగి పోగొట్టుకునే పనిరోజులూ పెరుగుతాయి. వైద్యుడు అందుబాటులో లేని చోట జనం మధ్య మెట్లన్నీ వదిలి నేరుగా చివరి మెట్టు మీదికే చేరుకుంటారు. నొప్పికి యాంటీబయాటిక్ కొనుక్కుని మింగితే మజ్జలోని వాపు తగ్గదు. పైగా ఆ మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది.

పళ్ల కంటే భయపెట్టే విషయం మరొకటి ఉంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. భారతీయ పురుషుల్లో కొత్తగా నమోదవుతున్న క్యాన్సర్లలో పెదవి, నోటి క్యాన్సర్లదే మొదటి స్థానం. గుట్కా నమిలేవారిలో బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడమే కష్టమవుతుంది. తెల్లటి, ఎర్రటి మచ్చలు వస్తాయి. వీటిని ముందుగా చూసే అవకాశం పన్ను నొప్పికి వచ్చిన రోగి నోట్లోకి చూసే మనిషికే ఎక్కువ. ఆ మనిషే లేకపోతే రోగి పెద్దాసుపత్రికి చేరేది పుండు పడ్డాకే.

మరి దంతవైద్యులు ఎందుకు వెళ్లరు? సేవాభావం లేక అని తీర్పు చెప్పడం సులువు. ఆ తీర్పు అన్యాయం కూడా. సాధారణ వైద్యుడు స్టెతస్కోపు, బీపీ యంత్రం, మందుల చీటీతో పని మొదలుపెట్టగలడు. దంతవైద్యుడికి కుర్చీ, లైటు, కంప్రెసర్, సక్షన్, ఎక్స్‌రే, పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్, ఆగని కరెంటు, నీళ్లు, పక్కన ఒక సహాయకుడు కావాలి. కంప్రెసర్ చెడిపోయిన రోజున ఎంత నిపుణుడైనా పన్ను పీకే మనిషిగా మిగిలిపోతాడు. ప్రైవేటు కళాశాలలో ఫీజు కట్టి, అప్పు తెచ్చి క్లినిక్ పెట్టిన వ్యక్తి, డబ్బు ఇచ్చుకోగల రోగులున్న వీధిలోనే బోర్డు పెడతాడు. లిలువాలోనూ బోర్డులు ఉంటాయి. ఫౌండ్రీ కూలీ వాటిని చూస్తూ నడిచి వెళ్తాడు, అంతే.

డబ్బు ఆశ చూపితే సరిపోతుందా అంటే ఇంగ్లండు అనుభవం వద్దనే చెబుతోంది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం, దంతవైద్యులు కరువైన ప్రాంతాలకు వెళ్లేవారికి 20,000 పౌండ్ల చొప్పున ప్రోత్సాహకం ప్రకటించింది. 240 మంది వస్తారని అంచనా. ఏడాది గడిచేసరికి నియమితులైనవారు అందులో ఐదో వంతు కూడా లేరని పార్లమెంటు కమిటీ తేల్చింది. రోజువారీ పనికి దక్కే ప్రతిఫలం గిట్టుబాటు కానప్పుడు, చేరేముందు చేతిలో పెట్టే మూట ఎవరినీ కదిలించదు.

అమెరికా పద్ధతిలో గమనించాల్సింది డబ్బు కంటే కొలత. అక్కడ 1970 నాటి చట్టంతో మొదలైన నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్, కొరత ఉన్న చోట పనిచేసే దంతవైద్యుల చదువు అప్పును తీరుస్తుంది. కొరత ప్రాంతాన్ని గుర్తించడానికి సాధారణంగా 5,000 మందికి ఒక దంతవైద్యుడు అన్న గీటురాయి వాడతారు. అయితే ప్రాంతం మొత్తాన్నే కాక, ఒక నగరంలోని పేదలు వంటి ప్రత్యేక జనసమూహాన్ని కూడా కొరత కింద ప్రకటించే వీలుంది. భారతదేశంలో లోపిస్తున్నది ఈ చూపే. వెనుకబడిన ప్రాంతం అనగానే అడవి, కొండ, దీవి గుర్తొస్తాయి. జిల్లా సగటు లెక్క వేస్తే నగరపు దంతవైద్యులంతా అందులో కలిసిపోయి లిలువా కూలీ కూడా వైద్యం అందుతున్నవాడిగానే కనిపిస్తాడు. పాడేరు ఏజెన్సీకి దంతవైద్యుడు దూరం, లిలువా ఫౌండ్రీకి దంతవైద్యుడి ఫీజు, వేళలు దూరం. రెండూ కొరతలే. రెంటికీ మందు ఒకటి కాదు.

గ్రామీణ సేవ బాండ్లతో పని జరుగుతుందనేవారు ఉన్నారు. గడువు ముగిసే రోజు కోసం ఎదురుచూసే వైద్యుడు అసలు లేనివాడికంటే నయమే, కానీ ఊరి నోళ్లు అతనికి పరిచయమయ్యేలోపే వెళ్లిపోతాడు. మారుమూల ప్రాంతాల్లో వైద్య సిబ్బందిని నిలబెట్టడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చి, 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా ఒక్క ఆయుధం మీద ఆధారపడవద్దనే చెబుతాయి. ఆ ప్రాంతాల నుంచే విద్యార్థుల్ని ఎంచుకోవడం, చదువుకునేటప్పుడే అక్కడ పనిచేయించడం, ఉపకార వేతనాలు, ఇల్లు, పిల్లల చదువు, వృత్తిలో ఎదుగుదల, ఇవన్నీ కలిపి చూడాలంటాయి.

లిలువా లాంటి చోట ప్రభుత్వ ధనం మొదట కొనాల్సింది కుర్చీ, దాని మరమ్మతు, సహాయకుడి జీతం. ఆ తర్వాతే వైద్యుడికి ప్రోత్సాహకం. ఆ ప్రోత్సాహకం కూడా ఒకేసారి ఇచ్చే మొత్తంగా కాక, ఏడాది ఏడాదికీ పెరిగే చదువు అప్పు మాఫీగా ఉండటం మేలు. కుర్చీ వేళలు సాయంత్రం షిఫ్టు వదిలాక మొదలవ్వాలి. పొద్దున పదింటికి తెరిచి మధ్యాహ్నానికి మూసే దంత విభాగం కూలీకి ఉన్నా లేనట్టే. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో అందాల్సిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం ఇప్పటికే ఉంది. కాబట్టి కొత్త పథకం పేరు వెతకాల్సిన అవసరం లేదు.

దంతవైద్యుడి సమయాన్ని పొదుపుగా వాడుకోవడం మరో సంగతి. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రావణాన్ని పుచ్చు మీద పూస్తే అది ముదరకుండా చాలా సందర్భాల్లో ఆగిపోతుంది. డ్రిల్లు, మత్తు సూది, కరెంటు అక్కర్లేదు. ఆ చోట పన్ను నల్లబడటమే దీని లోపం. ముందు పళ్లకు వేయించుకోవడానికి తల్లిదండ్రులు వెనకాడతారు, అది సహజం. దీన్ని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇక నోటి క్యాన్సర్ విషయంలో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైటుతో నోరు పరీక్షించగా, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. అంటే మొదటి చూపుకు దంతవైద్యుడే అక్కర్లేదు. కానీ అనుమానం వచ్చిన నోటిని పంపడానికి దగ్గర్లో ఒక కుర్చీ తప్పక ఉండాలి. లేకపోతే ఆశా కార్యకర్త చేతిలోని చీటీకి విలువ ఉండదు.

క్షయ, కాన్పుల మరణాలు ఉండగా పళ్లకు ప్రజాధనమా అన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఖజానా అపరిమితం కాదు. అయితే నోటి జబ్బులు ప్రపంచంలో 350 కోట్ల మందిని పీడిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్కగట్టింది. చంపే జబ్బులకే డబ్బిస్తామంటే, చంపకుండా ఏళ్ల తరబడి తినేవాటికి పేదవాడే చెల్లిస్తూ ఉంటాడు, కొంత రూపాయల్లో, కొంత పళ్లలో.

తెలుగు రాష్ట్రాలకు ఇది పరాయి ఊరి కథ కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్టను వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే స్త్రీలకు అంగిలి క్యాన్సర్ ముప్పు ఎక్కువని వైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. ప్రకాశం ప్రాంతంలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే పరిశోధకులు రాశారు, నల్లగొండ సంగతి చెప్పనక్కర్లేదు. లిలువాలో పిల్లలకు ఫ్లోరైడ్ పూత కావాలి, నల్లగొండ పల్లెలో ఫ్లోరైడ్ తక్కువున్న నీరు కావాలి. వెళ్లే దంతవైద్యుడికి ఏ ఊళ్లో ఏం చేయాలో చెప్పని ప్రోత్సాహకం ఈ రెండు ఊళ్లకూ ఒకే పెట్టె పంపుతుంది.

డబ్బు ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన సర్వే అక్కర్లేదు. ఆ కుర్చీలో నెలకు ఎన్ని పళ్లు నింపారు, ఎన్ని పీకారు అన్న రెండు అంకెలను ఆరోగ్య కేంద్రం గోడ మీద రాస్తే చాలు. మొదటి ఏడాది పీకిన లెక్కే ఎక్కువుంటుంది, పాత బాకీ అలాంటిది. మూడో ఏడాదికి కూడా అదే ఎక్కువుంటే వైద్యుణ్ని నిందించే ముందు కంప్రెసర్ పనిచేస్తోందో లేదో, తలుపు సాయంత్రం ఎన్నింటికి మూస్తున్నారో చూడాలి.