కృష్ణుడికి నీలం డబ్బా, ద్రౌపదికి తెల్ల డబ్బా

ఆ మధ్య ఓ పాఠకుడు ఉత్తరం రాశాడు. "డిస్నీ వాళ్లు 1989లో బొమ్మల సినిమాగా తీసిన 'లిటిల్ మెర్మెయిడ్'లో ఏరియల్ ఎర్ర జుట్టు తెల్లపిల్ల. 2023లో మనుషులతో తీసినప్పుడు హేలీ బెయిలీ అనే నల్ల అమ్మాయికి ఆ వేషం ఇచ్చారు. అందరికీ తెలిసిన పాత్ర రంగు మార్చడం న్యాయమా?" అని. సముద్రంలో చేపతోకతో తిరిగే పిల్ల ఏ రంగులో వుంటే ఎవరికి నష్టమండీ, అని ఓ చురక వేసి వూరుకుందామనుకున్నాను. ఇంతలో బోయిన్‌పల్లిలో ఒక సంగతి జరిగింది. దాంతో ఆ ఉత్తరాన్ని మళ్లీ బయటికి తీయాల్సొచ్చింది.

బోయిన్‌పల్లిలో మా అక్క వుంటుంది. ఓ ఆదివారం పొద్దున టిఫిన్‌కని వెళ్లాను. అక్క ఉప్మా పెట్టింది గానీ మొహం బాగాలేదు. మూడో తరగతి చదివే నా మేనకోడలు గోడ వేపు తిరిగి పడుకుంది. సంగతేమిటంటే, బడి వార్షికోత్సవానికి 'కీచకవధ' నాటిక వేస్తున్నారట. సైరంధ్రి వేషానికి మా పిల్ల పేరే అనుకున్నారు. డైలాగులన్నీ వారం రోజుల్లో బట్టీ పట్టింది. తీరా చూస్తే ఆ వేషం ఇంకో అమ్మాయికి వెళ్లింది. మావాడికి, అదే మా పిల్లకి (ముద్దుకి అలా అంటాం లెండి), సుధేష్ణ రాణి దగ్గర విసనకర్ర పట్టుకునే దాసి వేషం దక్కింది. డైలాగు ఒకటే.

"మామా, నేను నల్లగున్నా అని టీచర్ అన్నది" అంది గోడ వేపే చూస్తూ.

"నువ్వు పోయి లొల్లి చెయ్యకురా. ఫీజు రెండో టర్ముకు టైమడగాలె" అంది అక్క.

లొల్లి చెయ్యలేదు. కానీ సోమవారం వెళ్లాను. టీచరమ్మ మంచి మనిషే. కుర్చీ వేసింది. "లైట్ల కింద కనబడాలి కద సార్. ద్రౌపది అంటే అందగత్తె. పేరెంట్స్ అందరూ ఫోన్లల్ల వీడియో తీస్తరు" అంది. అప్పుడు నేను నాకు తెలిసిన భారతం చెప్పాను. అగ్నివేదిక లోంచి పుట్టిన ద్రౌపది నల్లపిల్ల. అందుకే ఆమె అసలు పేరు కృష్ణ. ఆ కథ రాసిన వ్యాసులవారు నలుపు కనుక ఆయనా కృష్ణ ద్వైపాయనుడే. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి చెప్పుకున్న తన పది పేర్లలో కృష్ణ ఒకటి. ఇక అసలు కృష్ణుడి మాట చెప్పక్కర్లేదు. పోతనగారి గోపికలు వెతుక్కున్నది నల్లవాణ్ణే గానీ ఎర్రగా బుర్రగా వున్నవాణ్ణి కాదు. టీచరమ్మ అంతా విని, "నిజమా సార్!" అని ఆశ్చర్యపోయింది. "కానీ ఇప్పుడు మారిస్తే ఆ అమ్మాయి వాళ్ల మమ్మీ ఊరుకోదు" అంది. అంతే. తిరిగొచ్చేశాను.

ఆమెనని ఏం లాభం? ఆమె ద్రౌపదిని సినిమాలోనే కదా చూసింది. మనందరమూ అంతే.

పాఠకుడి ప్రశ్న కొస్తాను. అక్కడ తెల్లగా తెలిసిన పాత్ర నల్లబడితే గోల. ఇక్కడ నల్లగా పుట్టిన పాత్రలు తొంభై ఏళ్లుగా తెల్లబడుతూంటే ఒక్కడూ కిక్కురుమనలేదు! తెలుపు నలుపు చిత్రాల రోజుల్లో అయితే బూడిదరంగులో ఎవరు ఏ ఛాయో తేలేది కాదు, ఓ విధంగా అది మర్యాద. రంగులొచ్చాక రాముడికీ కృష్ణుడికీ నీలం డబ్బా తీశారు. నలుపు అని ఒప్పుకోవడానికి మనసు రాక, తెలుపు అనడానికి పురాణం ఒప్పుకోక, మధ్యేమార్గంగా ఆకాశం రంగు పూశారన్నమాట. సీతకీ ద్రౌపదికీ రుక్మిణికీ ఆ మొహమాటం కూడా లేదు, గులాబీ రంగే. నల్లరంగు డబ్బా మాత్రం రాక్షసుల కోసం అట్టే పెట్టారు.

"అయ్యా, జనానికి అలవాటైన రూపం మార్చకూడదు" అనేవాళ్లకి ఓ ముచ్చట చెప్పాలి. కృష్ణుడంటే మనకి ఎన్.టి.రామారావు గారు. క్యాలెండర్లలో, అద్దాల పటాల్లో ఆయనే. కానీ 1956లో 'సొంతవూరు' చిత్రంలో ఆయన కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం మెచ్చలేదు. వాళ్ల కళ్లకి అలవాటైన కృష్ణుడు వేరు, రంగస్థలం మీద ఈలపాట రఘురామయ్య గారి లాంటివారు. అందుకే మరుసటి ఏడు 'మాయాబజార్'కి రామారావు గారు వెనకాడితే కె.వి.రెడ్డి గారు పట్టుబట్టి ఒప్పించారు. ఆహార్యం, నడక, నవ్వు అన్నీ జాగ్రత్తగా దిద్దారు. ఒక్క ఏడాదిలో జనం కళ్లు మారిపోయాయి! ఇవాళ మనం 'అసలు' అనుకునేది ఒకప్పుడు 'వీడెవడు' అనిపించుకున్నదే. ఆ 'మాయాబజార్'కే 2010లో కంప్యూటర్ల మీద రంగులద్దారు. యాభై మూడేళ్లు ఏ రంగో తెలీకుండానే మనల్ని మురిపించిన కృష్ణుడికి అప్పుడు ఒక రంగు ఎంచుకోవలసి వచ్చింది.

నలుపుని జనం చూడరన్నది కూడా శుద్ధ అబద్ధం. వాణిశ్రీ గారిది చామనఛాయ. డెబ్భైల్లో తెలుగు తెరని ఏలారు. 1979 నాటి 'శ్రీమద్విరాటపర్వము'లో ద్రౌపది ఆవిడే. ఏ హాలూ కూలిపోలేదు.

పీటర్ బ్రూక్ అనే ఇంగ్లీషు దర్శకుడు 1985లో ఫ్రాన్సులో, అవిన్యో వూరి దగ్గర రాతి గనిలో, మహాభారతాన్ని తొమ్మిది గంటల నాటకంగా ఆడించాడు. 1989లో చిత్రంగానూ వచ్చింది. అందులో భీముడు సెనెగల్ దేశపు నల్లవాడు మమదూ జూమే. భీష్ముడు సోతిగీ కుయాతే, ఆయనా ఆఫ్రికా వాడే. ద్రౌపది మాత్రం మన మల్లికా సారాభాయ్. మన పండితులు కొందరు కథని పిండి పిప్పి చేశాడని బ్రూక్‌ని తిట్టారు, అందులో కొంత సబబే. నాకూ కృష్ణుడు నచ్చలేదు. కానీ ఆ భీముడు గద ఎత్తినప్పుడు ఇతను భీముడు కాదని నాకొక్కసారీ అనిపించలేదు. మన ఎస్వీఆర్ గుర్తొచ్చారు, నిజం.

ఇవాళ్టి తమాషా ఇంకోటి. 'పుష్ప' (2021)లో కూలివాడి వేషం కోసం అల్లు అర్జున్ గారు మేకప్‌తో నల్లబడ్డారు. బాగా చేశారు, జాతీయ అవార్డూ వచ్చింది, ఉత్తమ నటుడిగా తెలుగువాడికి అదే మొదటిది. ఆయనతో నాకేం పేచీ లేదు. నేననేది, పేదవాణ్ణి చూపించాలంటే తెల్లవాడికి నలుపు పూస్తాం, దేవుణ్ణి చూపించాలంటే నల్లవాడికి నీలం పూస్తాం. సహజంగా నల్లగా వున్న నటుడు ఈ రెండు వేషాలకీ పనికిరాక విలన్ పక్కన నిలబడతాడు. నల్లకుర్రాడు, తెల్లమ్మాయి కథతో 'కలర్ ఫొటో' (2020) వచ్చి జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రమయింది గదా అంటారు. అవునండీ. కానీ ఆ కథలో నలుపే కష్టం. నలుపు ఒక కష్టం కాకుండా, వూరికే ఒక మేనిఛాయగా వున్న హీరో ఎక్కడ?

ఇంత మాట్లాడుతున్నాను గదా, నా బండారమూ విప్పాలి. టీచరమ్మ దగ్గర్నుంచి వచ్చిన రాత్రి నా పాత కటింగుల ఫైలు తీశాను. పదేళ్లుగా బొంబాయి నుంచి దిగిన ప్రతి కొత్త హీరోయిన్‌కీ "పాలమీగడ మేను", "వెన్నెల బొమ్మ" అని రాసింది నేనే. లెక్కపెట్టడం మొదలెట్టి ఇరవై దగ్గర ఆపేశాను. ఓ నటీమణి గురించి "రంగు తక్కువైనా కళ గల మొహం" అని కూడా రాశాను. ఆ 'అయినా' ఎంత పని చేస్తుందో అప్పుడు తట్టలేదు. పేజీకింతని డబ్బు తీసుకుని రాసిన మాటలవి. మా పిల్ల ఆ పేజీలు కూడబలుక్కుని చదివేది.

వార్షికోత్సవానికి వెళ్లాను. మేకప్ అతను దాసీలకి కూడా పౌడరు మెత్తాడు. మా పిల్ల మొహం సున్నం కొట్టినట్టుంది, విసనకర్ర పట్టుకున్న చేతులు మాత్రం దానివే. డైలాగు గట్టిగా చెప్పింది. సైరంధ్రి అమ్మాయి మధ్యలో మాట మరిచిపోతే, పక్కనుంచి మెల్లిగా అందించింది కూడా. మైకులో వినబడింది. జనం నవ్వారు.

ఆ రాత్రి బోయిన్‌పల్లిలోనే వుండిపోయాను. మొహం కడుక్కొచ్చాక 'నర్తనశాల' పెట్టాను. 1963 చిత్రం, సైరంధ్రిగా సావిత్రి గారు, కీచకుడు ఎస్వీఆర్. పిల్ల చాలాసేపు కదలకుండా చూసింది.

"మామా, ఈమె ఏ కలర్?"

"బ్లాక్ అండ్ వైట్ కదరా, తెలవది."

కాసేపు ఆలోచించింది.

"అయితే నల్లగనే వుండొచ్చు" అని, మొదటి నుంచి మళ్లీ పెట్టమంది.