మంచుకొండకు ముందు మన గుట్ట

శీతాకాలపు సెలవులు సమీపించేసరికి లక్సెట్టిపేట వంటి చిన్న పట్టణాల యువకులు కూడా ఉత్తరాఖండ్, హిమాచల్ మంచుకొండల యాత్రకు ఉబలాటపడుతున్నారు. తల్లిదండ్రుల్లో కొందరు ఆ మాట వినగానే కుదరదని కొట్టిపారేస్తున్నారు. మరికొందరు చేతికి డబ్బిచ్చి, దుఆ చేసి సాగనంపుతున్నారు. ఈ రెండు వైఖరులూ సరైనవి కావని మేము భావిస్తున్నాము. బిడ్డకు అవసరమైనది నిషేధమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు, శిక్షణ.

పర్వతాలను భూమికి మేకులుగా నిలిపిన సంగతిని దివ్య ఖుర్ఆన్ మనకు గుర్తుచేస్తున్నది. వాటిని చూసి సృష్టికర్తను స్మరించడం విశ్వాసి లక్షణం. అయితే కొండదారి పట్టేవాడు ఎలా సిద్ధపడాలో తెలుసుకోవాలంటే హిజ్రత్ ప్రయాణాన్ని పరిశీలించాలి. దైవప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి) తోడుగా సౌర్ గుహలో మూడు రాత్రులు గడిపారు. వాహనాలు ముందే సిద్ధమయ్యాయి. ఆహారం హజ్రత్ అస్మా (రజి) సమకూర్చారు. దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను నియమించుకున్నారు. అతడు అప్పటికి ముస్లిం కాడు. కానీ దారులు క్షుణ్ణంగా తెలిసిన నమ్మకస్థుడు. అల్లాహ్ రక్షణ లభిస్తుందన్న దృఢ విశ్వాసం ఉన్న మహనీయుడే ఇంత ఏర్పాటు చేసుకున్నప్పుడు, ఏర్పాటు లేని ధైర్యాన్ని మనం తవక్కుల్ అని ఎలా పిలవగలం? ఒంటెను కట్టిన తరువాతనే దైవంపై భారం వేయాలన్నది ఆయన (స) ఉపదేశం.

మన తెలుగు నేలపైనే దీనికి నిదర్శనం ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. 2014 మే 25న వారు ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. వారి మొదటి మెట్టు హిమాలయం కాదు, భువనగిరి ఏకశిల. అక్కడ ఎక్కడం నేర్చిన తరువాతే డార్జిలింగ్‌కూ, లడఖ్ చలికీ వెళ్లారు. మరొక వైపు నెల్లూరు జిల్లాలో జన్మించిన మల్లి మస్తాన్ బాబును స్మరించాలి. ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 2006లో 172 రోజులలో అధిరోహించిన అంతటి నిపుణుడు 2015లో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్లి మరణించారు. నైపుణ్యం ఎంత ఉన్నా కొండ ముందు మనిషి అల్పుడే.

చలి ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. యువకులు తరచుగా ఎంచుకునే కేదార్‌కంఠ ఎత్తు దాదాపు 3,800 మీటర్లు. అక్కడ నూలు బట్టలు శత్రువులు. చెమటకు తడిసి ఒంటి వేడిని లాగేస్తాయి. లోపల చెమటను పీల్చి బయటికి పంపే బట్ట, దానిపై ఉన్ని, అన్నిటికీ పైన గాలిని ఆపే కోటు ధరించాలి. నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా ఉండటమే మంచిది. శరీర అంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడితే ప్రమాదం. వణుకు, తడబడే మాట, తూలే నడక దాని గుర్తులు. ఇంకా వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది మెరుగుదల కాదు, మరింత కీడు. అలాంటివారి తడిబట్టలు మార్చి, నేల చలి తగలకుండా పడుకోబెట్టి, స్పృహ ఉంటే వెచ్చని తీపి పానీయం ఇచ్చి, వెంటనే వైద్యసహాయం కోరాలి. మంచుకు మొద్దుబారిన వేళ్లను రుద్దరాదు. మూసిన గుడారంలోగానీ, ఇంటి గదిలోగానీ బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించరాదు. వాసన లేని విషవాయువు ప్రాణం తీస్తుంది. ఈ హెచ్చరిక కొండకు వెళ్లని వారికీ వర్తిస్తుంది.

ఇవన్నీ నేర్వడానికి మన ఆదిలాబాద్ చలి చక్కని పాఠశాల. ఊరి సమీపంలోని గుట్టపైకి వీపున సంచితో వారం వారం నడవండి. బరువు తన ఒంటి బరువులో ఐదోవంతు మించకుండా, బరువైన వస్తువులు వీపుకు దగ్గరగా సర్దుకోండి. కవ్వాల్ పులుల అభయారణ్యంలోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు.

ఇక ఆరాధన మాట. చలి అన్న సాకుతో నమాజు వదిలేవారున్నారు. చన్నీళ్లతో ప్రాణం మీదికి తెచ్చుకునేవారూ ఉన్నారు. జాతుస్సలాసిల్ దండయాత్రలో గడ్డకట్టే చలిరాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు గుస్ల్ విధి అయింది. స్నానం చేస్తే మరణిస్తానని భయపడి, తయమ్ముమ్ చేసి ఫజ్ర్ నమాజు చేయించారు. ఈ సంగతి విని ఆయన వివరణ తెలుసుకున్న దైవప్రవక్త (స) నవ్వారే గాని మందలించలేదు. నీటిని వేడిచేసే వీలుంటే వుజూయే చేయాలి. వుజూతో తొడిగిన తోలు మేజోళ్లపై ప్రయాణికుడు మూడు పగళ్లు, మూడు రాత్రులు మసహ్ చేయవచ్చు. ఇతర మేజోళ్ల విషయంలో ధర్మవేత్తల మధ్య భేదం ఉంది గనుక బయలుదేరకముందే మీ మస్జిద్ ఇమాం గారిని అడగండి. నమాజును ఖస్ర్ చేసుకునే సౌలభ్యమూ ప్రయాణికునికి ఉంది. ధర్మం ప్రాణాన్ని కాపాడుతుంది, నమాజునూ కాపాడుతుంది.

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలన్నది ప్రవక్త (స) హితవు. కొండపై దాని విలువ మరింత తెలుస్తుంది. వాతావరణం మారితే, ఒకరు నీరసిస్తే, తిరిగి వెళ్దామని నాయకుడు చెప్పినప్పుడు వినడం పిరికితనం కాదు. శిఖరం రేపు కూడా అక్కడే ఉంటుంది. బిడ్డ ఇంటికి రావాలి. ఆడపిల్లలకూ ఈ శారీరక దారుఢ్యం అవసరమే. తండ్రి, సోదరుడు తోడుండి గుట్ట ఎక్కించే కుటుంబం వారికి గొప్ప బహుమతి ఇచ్చినట్టే.

కాబట్టి ఈ శీతాకాలం మీ అబ్బాయి మంచుకొండ పేరెత్తితే కాదనకండి. ముందు మన గుట్ట ఎక్కమనండి. వీలైతే మీరూ వెంట నడవండి. అల్లాహ్ మన యువతకు బలాన్నీ, ఆ బలాన్ని అదుపులో ఉంచే వివేకాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.