బిళ్లపై నెక్కిన పొగయోడ

స్మారక తపాలాబిళ్లలను గూర్చి వాదించుట సేకరణకర్తల వినోదమని త్రోసివేయువారు కలరు. వారితో మే మేకీభవింపజాలము. ప్రభుత్వము తన చరిత్రమున దేనిని గౌరవార్హమని యెంచుచున్నదో బిళ్లపై బొమ్మ లోకమునకు చాటుచున్నది.

వెస్టిండీసులోని ట్రినిడాడు దీవిని చూడుడు. 1845 నవంబరులో 'లేడీ మెక్లౌడ్' అను పొగయోడ, రాజధానియగు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కును చెఱకుసీమలోని శాన్ ఫెర్నాండోకును నడుమ తిరుగ నారంభించెను. దానికి గవర్నరు భార్య పేరు పెట్టిరి. 1847 ఏప్రిలులో ఓడ యజమాని డేవిడ్ బ్రైస్, నీలిరంగుపై తెల్లయోడ బొమ్మగల బిళ్లలను వెలువరించెను. బిళ్ల వెల 5 సెంట్లు. నూఱింటికి 4 డాలర్లు. బిళ్లలేని జాబునకు 10 సెంట్లు. 1972లో ఆ బిళ్లకు 125 ఏండ్లు నిండగా ట్రినిడాడు స్మారక బిళ్లలను ముద్రించెను.

ఆ 1845లోనే, మే 30వ తేదీన, ఆ రేవునకే మఱియొక యోడ చేరెను. కలకత్తానుండి వచ్చిన 'ఫతేల్ రజాక్' రెండువందలకు పైగా భారతీయులను చెఱకుతోటలకు గిర్మిటు కూలీలుగా దింపెను. మగవాని జీతము నెలకు 5 రూపాయలు, అనగా 2 డాలర్ల 40 సెంట్లు. నెలకు ఇరువదియాఱు పనిదినము లనుకొన్నను, దినమునకు 9 సెంట్లు చిల్లర. బిళ్లలేని జాబు దీవిలోనే ఈ పట్టణమునుండి ఆ పట్టణమునకు పోవుటకు ఒకనాటి కూలి చాలదు! బిళ్ల అంటించినను సగము దినము కూలికి మించును. నూఱు బిళ్లలు కొని తగ్గింపు పొందగలవా రెవ్వరో వేఱుగ చెప్పవలెనా?

వర్తకుడు తన సరకునకు వెల కట్టుకొనుట నేరమా యని కొంద రడుగవచ్చును. మేము బ్రైసును నిందించుట లేదు. ఓడ రంగును, బిళ్ల అంచును, నేటి వేలపు ధరను వర్ణించుచు, ఆ యోడకు పని కల్పించిన చక్కెరను, దానిని పండించిన చేతులను విడిచిపెట్టు చరిత్రరచనను నిందించుచున్నాము. 1917లో గిర్మిటు ఎగుమతి నిలుచునాటికి ఆ దీవి చేరిన భారతీయులు సుమారు 1,44,000 మంది. మద్రాసు రేవునుండి పోయినవారిలో మన తెలుగువారును కలరు.

ట్రినిడాడు మే 30ని భారతీయుల రాకదినముగా సెలవిచ్చి పాటించుచున్నది. పంచాంగమున చోటు దొరకినవారికి బిళ్లల చరిత్రమున చోటు లేకపోవుట న్యాయము కాదు. లేడీ మెక్లౌడు కథ చెప్పు ప్రతి పుస్తకమునను, ప్రతి ప్రదర్శనమునను, ఆ యేడే వచ్చిన రెండవ యోడ కథయు, కూలివాని జీతమును ప్రక్కన ముద్రింపవలెనని మేము కోరుచున్నాము. బిళ్ల వెల ఎంతయో అప్పుడే పాఠకునకు నిజముగా తెలియును.