అపహృతమైన బుద్ధి: కర్తృత్వం ఎవరిది?

గీతలోని తృతీయాధ్యాయంలో అర్జునుడు ఒక ప్రశ్న వేస్తాడు. ఇష్టం లేకపోయినా, ఎవరో బలాత్కారంగా నియోగించినట్లుగా మనుష్యుడు పాపాన్ని ఎందుకు ఆచరిస్తున్నాడని ఆ ప్రశ్న. శ్రీకృష్ణుడు దానికి సమాధానంగా అంతశ్శత్రువును చూపుతాడు. రజోగుణం నుండి పుట్టిన కామమే, క్రోధమే ఆ నియోక్త. అర్జునుని మాటలో బలాత్కారం ఒక ఉపమానం మాత్రమే. ఆ ఉపమానం అక్షరాలా సత్యమైనప్పుడు ఏమవుతుంది? ఒకడు మరొకణ్ణి చెరపట్టి, భయంతో అతని బుద్ధిని వశపరచుకొని, చేతికి ఆయుధమిచ్చి హత్యకు నియోగిస్తే ఆ పాపానికి కర్త ఎవరు?

ఈ ప్రశ్న తర్కవినోదం కోసం పుట్టినది కాదు. ఆఫ్రికా ఖండంలోని యుగాండా దేశపు అడవులలో మొదలై, హేగ్ నగరంలోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం వరకు చేరిన ఒక సేనానాయకుని వృత్తాంతం దీనిని ఆధునిక మానవుని ముందు నిలిపింది. న్యాయమూర్తులు తమ చట్టాన్ని అనుసరించి దానికి తీర్పు చెప్పారు. వేదాంతం దానిని ఎట్లా పరిశీలిస్తుందో సాధకులు ఆలోచించవలసి ఉన్నది.

చెరపట్టబడినవాడే చెరపట్టేవాడైన కథ

1980ల చివరి సంవత్సరాలలో ఉత్తర యుగాండాలోని అచోలీ జనుల ప్రాంతంలో జోసెఫ్ కోనీ అనే వ్యక్తి ఒక సాయుధదళాన్ని నడపనారంభించాడు. దానికి స్థిరపడిన పేరు లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ, అంటే ప్రభువు పేర ప్రతిఘటించే సేన. తనను ఆత్మలు ఆవహించి ఆజ్ఞాపిస్తాయని కోనీ చెప్పుకొనేవాడు. స్వచ్ఛందంగా చేరేవారు కరవైనకొద్దీ ఆ దళం గ్రామాల మీద పడి బాలబాలికలను ఎత్తుకుపోసాగింది. అట్లా అపహరింపబడిన బాలల సంఖ్య ఇరవై వేలకు మించినదని అంచనా. ఒక దశలో పొద్దు వాలేసరికి వేలాది పిల్లలు ఇళ్ళు విడిచి, గులూ వంటి పట్టణాలకు నడిచి వెళ్ళి, వసారాలలో పడుకొని, తెల్లవారగానే తిరిగి ఊళ్ళకు నడిచేవారు.

1987లో బడికి పోతూ దారిలో చెరపట్టబడిన ఒక బాలుని పేరు డొమినిక్ ఆంగ్వెన్. అప్పటికి అతనికి సుమారు తొమ్మిదేళ్లు. పదిహేనేళ్లు గడిచేసరికి అతడు అదే సేనలో దళాధిపతి అయ్యాడు. 2004లో సీనియా అనే బ్రిగేడుకు నాయకుడయ్యాడు. తాను అపహరింపబడినట్లే ఇతర బాలలను అపహరింపజేశాడు. పజూలే, ఓడెక్, లుకోడీ, అబోక్ అనే నాలుగు నిర్వాసిత శిబిరాల మీద అతని కాలంలో దాడులు జరిగాయి. స్త్రీలను చెరలో ఉంచి, భార్యలని పేరుపెట్టి, బలాత్కారంగా తల్లులను చేసిన నేరాలు కూడ అతని మీద రుజువయ్యాయి. 2015 జనవరిలో లొంగిపోయిన అతణ్ణి 2021 ఫిబ్రవరి 4న న్యాయస్థానం 61 అభియోగాలలో దోషిగా నిర్ణయించి, అదే సంవత్సరం మే నెలలో 25 ఏళ్ల కారాగారశిక్ష విధించింది. 2022 డిసెంబరులో పునర్విచారణ పీఠం దానిని స్థిరపరచింది.

విచారణలో ఆంగ్వెన్ తాను కూడ ఆ సేన చేత పీడింపబడినవాడినేనని వాదించాడు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అందుచేతనే ఈ వృత్తాంతం అంత సులభంగా తేలదు.

స్మృతిభ్రంశం అనే ఆయుధం

బందీని హంతకునిగా మార్చే పద్ధతి ఆ సేనలో దాదాపు ఒకే క్రమంలో సాగేది. మొదట బాలుణ్ణి ఇంటి నుండి, ఊరి నుండి, పరిచయమైన సమస్తం నుండి విడదీస్తారు. పారిపోబోయి పట్టుబడిన తోటి బందీని కొట్టి చంపమని ఆజ్ఞాపిస్తారు. కాదంటే తన ప్రాణమే పోతుంది. తైలంతో అభిషేకించి, ఇక ఆత్మలు కాపాడుతాయనీ, మనసులోని ఆలోచన కూడ నాయకునికి తెలిసిపోతుందనీ నమ్మిస్తారు. చేతికి రక్తం అంటిన తరువాత, ఇక ఊరివారు నిన్ను స్వీకరించరు, చంపివేస్తారు అని చెప్తారు. వెనుకకు దారి లేదని నమ్మిన బాలునికి ముందున్న దారి ఒక్కటే.

గీతా ద్వితీయాధ్యాయం మనుష్యుని పతనక్రమాన్ని వర్ణిస్తూ సమ్మోహం వలన స్మృతిభ్రంశం, స్మృతిభ్రంశం వలన బుద్ధినాశం కలుగుతాయని బోధిస్తుంది. అక్కడ ఆ క్రమం విషయచింతనతో లోపల మొదలవుతుంది. ఇక్కడ ఒక క్రూరుడు దానిని బయటి నుండి, భయం ద్వారా, బుద్ధిపూర్వకంగా నిర్మించాడు. తాను ఎవరి బిడ్డ, ఏది తగును, ఏది తగదు అనే స్మృతి చెరిగితే చాలు. ఆ తరువాత చేయి దానంతట అదే లేస్తుంది.

బాల్యానికి ధర్మం ఇచ్చిన అవధి

చెరలో బాల్యం గడిపినవాని పాపాన్ని లెక్కించేటప్పుడు మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యమహర్షి ఉపాఖ్యానం స్ఫురించక మానదు. చేయని దొంగతనానికి శూలారోపణ శిక్ష పొందిన మహర్షి, తనకు ఈ ఫలం ఏ కర్మ వలన కలిగిందని ధర్మదేవతను నిలదీశాడు. బాల్యంలో పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చినందుకు అన్నాడు ధర్ముడు. అల్పమైన అపరాధానికి ఇంత దండన విధించినందుకు మహర్షి ధర్ముణ్ణే శపించాడు. విదురుని జన్మకు మూలం ఆ శాపమే. పదునాలుగేళ్ల వయస్సు వరకు చేసినది పాతకంగా పరిగణింపబడదని ఒక మర్యాదను కూడ లోకానికి ఏర్పరచాడు. ధర్మదేవత సైతం ఆ మర్యాదకు లోబడవలసి వచ్చింది.

ఈ ప్రమాణం ప్రకారం తొమ్మిదేళ్ల బాలుడు అడవిలో బలాత్కారంగా చేసినదేదీ అతని ఖాతాలో చేరదు. ఆ పాపమంతా నియోగించినవానిదే. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం కూడ వ్యవహారధర్మాన్ని నిర్ణయిస్తూ, బలవంతంగా ఇప్పించినది, బలవంతంగా వ్రాయించినది చేయనివానితో సమానమని చెప్తుంది. అయితే ఆంగ్వెన్ విషయంలో న్యాయస్థానం విచారించిన నేరాలు 2002 జూలై నుండి 2005 డిసెంబరు వరకు జరిగినవి. అప్పటికి అతడు ఇరవయ్యవ పడిలో ఉన్న నాయకుడు. మాండవ్యుడు గీసిన రేఖను అతడు దాటి చాలాకాలమైంది.

కర్త పూర్తిగా నశిస్తాడా?

గీతా అష్టాదశాధ్యాయం ప్రతి కర్మకు అయిదు కారణాలను చెప్తుంది: అధిష్ఠానమైన శరీరం, కర్త, వివిధ కరణాలు, చేష్టలు, దైవం. బందీ అయిన బాలుని విషయంలో చెరపట్టినవాడు శరీరాన్ని, కరణాలను, చేష్టలను తన అధీనంలోకి తెచ్చుకున్నాడు. దైవం తన పేరిట మాట్లాడుతున్నదని కూడ నమ్మించాడు. మిగిలినది కర్త అనే స్థానం. అది ఎప్పటికైనా పూర్తిగా పరాధీనం కాగలదా?

బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయం తృతీయపాదం జీవునికి కర్తృత్వాన్ని అంగీకరిస్తుంది. అంగీకరించకపోతే విధినిషేధశాస్త్రానికి అర్థమే ఉండదు. ఈశ్వరుడు కూడ జీవుని ప్రయత్నాన్ని అపేక్షించియే ఫలమిస్తాడని ఆ సూత్రాలు నిర్ణయిస్తాయి. ఈశ్వరుడే తుడిచివేయని కర్తృత్వాన్ని ఒక కోనీ తుడిచివేయగలడా? ఆవరించగలడు, నిద్రపుచ్చగలడు, దశాబ్దాలపాటు అణచి ఉంచగలడు. నిర్మూలించలేడు.

న్యాయస్థానం పరిశీలించిన సాక్ష్యాలు ఇదే దిశలో ఉన్నాయి. ఆంగ్వెన్ ఒక్కోసారి పై ఆజ్ఞలను పాటించకుండా ఉండగలిగాడు. దాడులకు తానే పథకాలు వేశాడు. విడిచిపోయే అవకాశాలు అతనికి లభించాయి, ఇతరులు అట్లా విడిచిపోయారు కూడ. మానసికవ్యాధి, ప్రాణభయం అనే రెండు సమర్థనలను న్యాయమూర్తులు తిరస్కరించారు. శిక్షను నిర్ణయించేటప్పుడు మాత్రం అతని అపహృతబాల్యాన్ని లెక్కలోకి తీసుకొని, యావజ్జీవం విధించకుండా విడిచారు. దోషం కర్తది, దోషభారంలో ఒక భాగం నియోక్తది అనే విభాగం ఇందులో కనిపిస్తుంది. ధర్మశాస్త్రదృష్టికి అది విరుద్ధం కాదు.

జాడ్యం నైష్కర్మ్యం కాదు

ఇక్కడ ఒక ప్రమాదకరమైన భ్రమను తొలగించుకోవాలి. అహంకారభావం లేనివాడు, బుద్ధి లేపం పొందనివాడు లోకాలను సంహరించినా బంధింపబడడని గీత బోధిస్తుంది. ఏ అనుభూతీ లేకుండా ఆజ్ఞను నెరవేర్చే హంతకుడు కూడ, ‘నేను చేయలేదు, నా చేత చేయించారు’ అంటాడు. ఇద్దరి మాటా పైకి ఒకటే. ఆ సామ్యాన్ని పట్టుకొని గీతావాక్యాన్ని హింసకు కవచంగా వాడేవారు అన్ని కాలాలలోను ఉన్నారు.

సుషుప్తిలోను సమాధిలోను ద్వైతం భాసించదు. కాని నిద్రించినవాడు అజ్ఞానిగానే మేల్కొంటాడు, సమాహితుడు జ్ఞానంతో లేస్తాడు. జ్ఞానికి అహంకారం వివేకాగ్నిలో దగ్ధమైంది. బందీకి అది భయంతో గడ్డకట్టింది. మొదటిది గుణాతీతస్థితి, రెండవది శుద్ధ తమస్సు. జ్ఞానికి తోటి ప్రాణి తనకంటె అన్యం కాదు గనుక అతని నుండి ఎవరికీ ఉద్వేగం కలగదు. జడుడైన హంతకుని చూస్తే ఊరంతా వణకుతుంది. ఏది ఏదో తెలుసుకొనడానికి ఈ ఒక్క లక్షణం చాలు.

తిరిగి వచ్చిన స్మృతి

బుద్ధి ఆవృతమవుతుందే తప్ప నశించదనడానికి ఆ దేశంలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. యుగాండా ప్రభుత్వం 2000లో క్షమాభిక్షా చట్టాన్ని తెచ్చింది. గులూలోని మెగా ఎఫ్‌ఎం రేడియో ‘ఇంటికి తిరిగి రండి’ అనే అర్థం గల పేరుతో ఒక కార్యక్రమాన్ని నడిపింది. అప్పటికే తిరిగి వచ్చినవారు దానిలో స్వయంగా మాట్లాడేవారు. మేము బ్రతికి ఉన్నాము, మమ్మల్ని ఎవరూ చంపలేదు అని వారి కంఠం అడవికి చేరేది. తిరిగి వచ్చినవారిని అచోలీ పెద్దలు కోడిగుడ్డును త్రొక్కించి ఊరిలోకి తీసుకొనే ఆచారాన్ని పాటించారు. వేలాది మంది తిరిగి వచ్చారు. ఎరిగిన ఒక గొంతు, ఇల్లు అనే ఒక మాట, చెరిగిందనుకున్న స్మృతిని తట్టి లేపింది. గీతోపదేశం చివర అర్జునుడు చెప్పుకొన్నది కూడ ఇదే. మోహం నశించింది, స్మృతి లభించింది అన్నాడు. కొత్తగా ఏదో వచ్చి చేరిందని అనలేదు.

దండం, దయ

మరి అట్టివాని పట్ల సమాజం ఏ భావం వహించాలి? సౌప్తికపర్వంలో కౌరవుల చివరి సేనాపతి అశ్వత్థామ నిద్రిస్తున్నవారిని వధించాడు. పితృవధ అతని బుద్ధిని దహించిన మాట నిజం. భాగవతంలో అతణ్ణి బంధించి తెచ్చినప్పుడు, అయిదుగురు కుమారులను పోగొట్టుకున్న ద్రౌపది, తనవలె మరొక తల్లి ఏడవకూడదని విడువమన్నది. అతడు నిర్దోషి అని మాత్రం ఆమె ఎక్కడా అనలేదు. చివరకు శిరోమణిని తీసుకొని, తేజోహీనుణ్ణి చేసి, ప్రాణంతో వెడలగొట్టారు. దండం తప్పలేదు, దయా తప్పలేదు.

ఆంగ్వెన్ పక్షం వారు అచోలీ సంప్రదాయంలోని మాటో ఓపుట్ అనే సంధివిధిని కోరారు. అపరాధి అపరాధాన్ని ఒప్పుకొని, పరిహారమిచ్చి, ఇరుపక్షాలూ కలిసి చేదువేరు కలిపిన పానీయం త్రాగే కర్మ అది. తన శాసనంలో అట్టి విధికి చోటు లేదని న్యాయస్థానం అంగీకరించలేదు. 2024 ఫిబ్రవరిలో బాధితులకు పరిహారం నిర్ణయించి, సుమారు యాభై వేల మందికి తలకు 750 యూరోలు ప్రతీకాత్మకంగా ఇవ్వాలన్నది. ఆ ద్రవ్యం ఆంగ్వెన్ వద్ద లేదు, నిధి నుండి సమకూర్చవలసి ఉన్నది. కాని చేదును అపరాధి కూడ త్రాగాలనే ఆ పూర్వుల భావన విలువైనది. ప్రాయశ్చిత్తానికి మన స్మృతులు పశ్చాత్తాపాన్ని ప్రధానాంగంగా చెప్పటంలోని ఆంతర్యం ఇదే. చెరపట్టబడితినన్న మాట సత్యమే కావచ్చును. చెరపట్టితినన్న మాట కూడ నోట వచ్చినప్పుడే చిత్తశుద్ధి ఆరంభమవుతుంది.

భక్తిమార్గంలో నడిచేవారికి ఈ వృత్తాంతం ఒక హెచ్చరిక. దైవం పేరు చెప్పి స్వజనుల నుండి విడదీసేవాడు, ప్రశ్నను పాపమనేవాడు, వెనుకకు దారి లేదని బెదిరించేవాడు గురువు కాడు. గురువు శిష్యుని స్మృతిని మేల్కొలుపుతాడు. సమస్త ఉపదేశమూ ముగించిన తరువాత కూడ శ్రీకృష్ణుడు, దీనిని పూర్తిగా విమర్శించి నీ ఇష్టప్రకారం చేయమని అర్జునునికే విడిచిపెట్టాడు. శరణాగతికీ చెరకూ గల భేదం ఆ స్వేచ్ఛలోనే ఉన్నది.

స్వస్తి.